వీపు చూపించే అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. గుండ్రటి ముఖం, చెక్క పిడి. ఎక్కడ పుట్టానో గుర్తులేదు గానీ, బుద్ధి తెలిసింది మాత్రం సత్తెనపల్లిలో కొండలు నడిపే మంగలి షాపులో. క్షవరం అయ్యాక అతను నన్ను మనిషి మెడ వెనక పట్టుకుని "చూసుకోండి" అనేవాడు. చూడకుండానే అందరూ తల ఊపేసేవారు. తమ వెనక ఏముందో చూసుకునే ఓపిక మగవాళ్ళకు లేదని అక్కడే తెలుసుకున్నాను.

కొండలు భార్య సామ్రాజ్యం మిరపకాయల కోతకు వెళ్తుంటే ఆటో బోల్తాపడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. పుండు పడినా తెలియదు కాబట్టి రోజూ అద్దంలో చూసుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు. కొండలు నన్ను ఇంటికి తెచ్చి, పిడికి పొడవాటి కర్ర కట్టాడు. పొద్దున్నే ఆమె పక్కకు ఒత్తిగిలి నాలో వీపు, తుంటి, మడమలు చూసుకునేది. ఎర్రమచ్చ కనిపిస్తే ఆ రోజు ఆ వైపు పడుకునేది కాదు. ఇన్నాళ్ళకు నన్ను నిజంగా చూసే మనిషి దొరికిందని సంబరపడ్డాను.

ఇంటికి వచ్చినవాళ్ళంతా "కాళ్ళేమైనా కదులుతున్నయ్యా?" అని అడిగేవారు. మనసు సంగతి ఒక్కరూ అడగలేదు. అత్త చిట్టెమ్మ మాత్రం గొప్పగా, "మా కోడలు రాయండీ! ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టలా" అనేది.

ఆ రాయి తన పెళ్ళి పట్టుచీర ఆడబిడ్డకు ఇచ్చేసింది. కమ్మలు మేనకోడలికి ఇచ్చింది. ఎంత మంచి మనసో అన్నారంతా. ఆ వారమే ఆమె దిండు ఎత్తినప్పుడు, కింద గుడ్డలో మూటగట్టిన మాత్రలు నాలో కనిపించాయి. కేక వేసి చెప్పాలనిపించింది. నాకు నోరు లేదు. ఉన్నది చూపించడం ఒక్కటే వచ్చు, దానికి చూసేవాళ్ళు ఉండాలి. మర్నాటి నుంచి ఆమె నన్ను ముట్టుకోవడం మానేసింది. మూడు రోజులు మేకుకు వేలాడుతూ ఆమె ఊపిరి వింటూ గడిపాను.

నాలుగో రోజు ఎస్తేరు వచ్చింది. ఆమెదీ చక్రాల కుర్చీయే. పన్నెండేళ్ళ కిందట మిద్దె మీంచి పడింది. ఇప్పుడు ఇలాంటి ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడుతుంది. సామ్రాజ్యం నవ్వుతూ అత్తచేత నన్ను తీయించింది.

"ఈ అద్దం నువ్వు తీసుకుపో అక్కా. నాకింక అక్కర్లా."

"ఇంకొకరికి పనికొస్తదిలే" అంది చిట్టెమ్మ.

ఎస్తేరు నన్ను అందుకోలేదు. నడుము పడిపోయిన మనిషి ఈ అద్దం అక్కర్లేదని ఎప్పుడంటుందో ఆమెకు తెలుసు. చిట్టెమ్మను టీ పెట్టమని పంపి, కుర్చీ మంచానికి ఆనించింది.

"సామ్రాజ్యం, చచ్చిపోదామని ఉందా?"

అలా అడగొచ్చా అనుకున్నాను నేను. కానీ సామ్రాజ్యం ఒక్కసారిగా భోరుమంది. "ఎవురూ అడగలేదక్కా! ఏడిస్తే అందరూ హడలిపోతారని..." అంటూ దిండు కింద చెయ్యి పెట్టి ఆ మూట ఎస్తేరు ఒళ్ళో పడేసింది.

"నేనూ అట్టాగే దాచుకున్నా ఒకప్పుడు. ఏడువు" అంది ఎస్తేరు. కొండలు వచ్చేదాకా కదల్లేదు. మర్నాడు ఇద్దరూ కలిసి ఆమెను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళారు.

రెండేళ్ళు గడిచాయి. నా భయం పూర్తిగా పోలేదు. పొద్దున ఆమె చెయ్యి నా పిడి మీద పడేదాకా ఉగ్గబట్టుకునే ఉండేదాన్ని.

మొన్న సామ్రాజ్యం చక్రాల కుర్చీలో నన్ను ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా నడుము దెబ్బతిన్న హేమలత అనే ఇరవయ్యేళ్ళ పిల్ల ఇంటికి వెళ్ళింది.

"ఈ అద్దం నువ్వుంచుకో" అంది.

మళ్ళీ అదే మాట!

"నేను ఇంకా పెద్దది కొనుక్కున్నాలే" అంది సామ్రాజ్యం.

హేమలత నాలోకి చూడకుండానే నన్ను పరుపు మీద బోర్లా పెట్టింది. "అందరూ నాకు ధైర్యమెక్కువంటన్నారక్కా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు.

"అమ్మా, కాస్త టీ పెట్టుకొస్తారా?" అని సామ్రాజ్యం ఆ పిల్ల తల్లిని పంపడం వినిపించింది. తర్వాత కుర్చీ మంచానికి ఆనింది. బోర్లా పడి నాకేమీ కనిపించడం లేదు. అడుగు తల్లీ, అడుగు అనుకుంటూ బిక్కచచ్చి ఉన్నాను.

అడిగింది.