ఉల్లిపొర అనే సవతి

మెడ వెనక ఒక్క మెట్టు పడేట్టు కత్తిరిస్తే ఏమవుతుంది, ముందు అద్దంలో ఆయనకి కనబడదు, పైఅంతస్తు లెక్కల టీచరమ్మతో మాట్లాడి మెట్లు దిగేటప్పుడు ఆవిడకే కనబడుతుంది, అయ్యో పాపం భార్య సెలూన్లో పనిచేస్తుందట, తల చూస్తే ఎలుకలు కొరికినట్టుంది అనుకుంటుంది, అనుకోనీ, అని కత్తెర చెవి పక్కదాకా తెచ్చి మళ్ళీ ఆపేసింది ఆమె, కుర్చీలో మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చున్నది మొగుడే అయినా తల తన పని, పని పాడుచేసుకుంటే ఓనరమ్మ ఊరుకుంటుందా, అయినా ఏనాడన్నా ఈ కుర్చీలోకి వచ్చి కూర్చున్న మనిషా ఈయన, ఇంట్లో స్టూలు మీద కూర్చుని, తొందరగా కానీ, కొట్టు దగ్గర జనం ఉన్నారు అనే మనిషి, ఇవాళ మధ్యాహ్నమే తాళాల కొట్టు మూసేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, గడ్డం కూడా కాస్త సరిచెయ్యవే, పెద్దమనిషిలా కనబడాలి అన్నాడు, ఎవరికి కనబడాలండీ అంటే, విచారణ కదా, ఫోన్లో కమిషన్ వాళ్ళకి ముఖం చూపించాలి, దానికి ముందు ఒకసారి పైకెళ్ళి టీచరమ్మని అడగాలి అన్నాడు, ఆ రెండో మాటకి ముందు గొంతు సవరించుకున్నాడు, విచారణంటే భయపడాలి గానీ గొంతు సవరించుకుంటారా ఎవరైనా, విషయం చూస్తే చిన్నదేం కాదు, ఫోన్లో పేకాట ఆడించే కంపెనీ ఆయన ఖాతా ఆపేసింది, తుప్పుతాళం అనే పేరుతో ఆడే మీరూ, ఉల్లిపొర అనే పేరుతో ఆడే ఇంకొకరూ ఒకే ఇంటి వైఫై మీద ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, ఒక ఇంటివాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోవడం నిబంధనలకి విరుద్ధం, లోపల్లోపల ముక్కలు చెప్పుకుని మిగతావాళ్ళని ముంచే అవకాశం ఉంది, ఆటల కమిషన్ ముందు సంజాయిషీ ఇచ్చుకోండి అని రాశారు, ఆ ఇంకొకరి అసలు పేరు మాత్రం రాయలేదు, కమిషన్ గనక మోసగాడు అని తేల్చిందంటే తాళాలు తీసే లైసెన్సు కూడా ఊడుతుంది, మోసగాడని పేరుపడ్డవాడి చేతికి ఎవరు తమ ఇంటి తలుపు అప్పగిస్తారు, ఆయన మాత్రం ఉల్లిపొర పైఅంతస్తు టీచరమ్మేనని నమ్మాడు, ఆవిడ ఇంట్లో నెట్ పోయినప్పుడు మన పాస్‌వర్డ్ ఇచ్చాం కదా, లెక్కల మనిషి కాకపోతే అంత బాగా ఎవరాడతారు అంటాడు, ఆయనకి తెలియనిదీ ఆమెకి తెలిసిందీ ఒక్కటే, ఉల్లిపొర పైఅంతస్తులో లేదు, ఆయన వెనకే కత్తెర పట్టుకుని నుంచుంది.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నుంచుంది, అరిస్తే దొరికిపోతుంది, అరవకపోతే మంట, ఆ మంట కూడా ఎవరిమీద, తన మీదే, లోకంలో సవతి పోరు పడ్డవాళ్ళున్నారు గానీ తనకి తనే సవతి అయినది ఎక్కడన్నా ఉందా, మొదట్లో ఈర్ష్యంతా ఫోను మీదే, నడుం నొప్పి వచ్చి ఆయన సాయంత్రాలు ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టిన కొత్తలో, హమ్మయ్య నాలుగు మాటలు మాట్లాడతాడు అనుకుంటే ముందు గదిలో కూర్చుని ఫోను చూసుకుని తనలో తను నవ్వుకోవడం, అరెరె అనుకోవడం, భలే కొట్టావే అనుకోవడం, ఎవరిని అన్నాడు ఆ మాట, అంత నవ్వు ఇంట్లో ఎవరికైనా మిగిల్చాడా, చూద్దాం ఆ సభలో ఎవరెవరున్నారో అని ఉల్లిపాయలు కోస్తూ కోస్తూ తనూ ఖాతా తెరిచింది, ముఖం ఫోటో అడిగారు, గుర్తింపు కార్డు అడిగారు, నెలకి ఇంతకంటే పోగొట్టుకోను అని నీకు నువ్వే గీత గీసుకో అన్నారు, అబ్బో బడిలో చేర్పించినా ఇంత అడగరు అనుకుంది, నిబంధనలన్నీ చదివాను అన్నచోట అందరిలాగే చదవకుండా నొక్కేసింది, పేరు పెట్టుకోమంటే చేతికి అంటుకున్నదాన్ని చూసి ఉల్లిపొర అని పెట్టి వెళ్ళి ఆయన బల్ల దగ్గర కూర్చుంది, అంతే, ఆ పేరులో అంతకు మించి ఏమీ లేదు, కానీ ఆయన అది ఆడమనిషేనని తేల్చేసుకుని, ఏం పేరే అది, పొర మీద పొర, తీసేకొద్దీ ఇంకోటి, ఆవిడ మనసూ అంతే, అందదు అన్నాడు ఒకరోజు అన్నం కలుపుకుంటూ, ఆ మాటకి ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది, ఆనందపడాలి కదా, ఒళ్ళు మండింది, పక్కన కూర్చుని వడ్డిస్తున్న దాని మనసు ఎప్పుడన్నా అందలేదా ఈయనకి, అసలు చెయ్యి చాపితే కదా, అప్పటినుంచి ఆవిడ భజనే, ఆవిడ తొందరపడదే, ఆవిడకి కోపం రాదే, నువ్వుంటావు చూడు పాలు పొంగితే చాలు ఇల్లు తగలబడ్డట్టు అరుస్తావు, అని ఉల్లిపొరనే ఉల్లిపొరతో పోల్చి ఎవరు మేలో తేల్చాడు మహానుభావుడు, పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఈ పుల్లకూర కూడా ఇదే పొయ్యి మీద ఉడికింది, గిన్నె మారింది అంతే, పోనీ ఖాతా మూసేద్దామా అని రెండుసార్లు అనుకుంది, మూసేస్తే ఆయన దిగులుపడతాడేమో, ఆ దిగులు చూసి తను ఇంకా మండిపోతుందేమో, మూయలేదు, పైగా ఇంకా బాగా ఆడింది.

ఇంతలో రంగు వేయించుకుని తలనిండా తగరపు కాగితాలతో పక్క కుర్చీలో ఆరబెట్టుకుంటున్న రిటైరైన నర్సమ్మ, మీవారా, పేకాట కేసా, అసలు ఆ ఆటలన్నీ తీసేస్తే పీడా పోతుంది కదమ్మా అంది, ఆ మిషను తనకి కావలసినవాళ్ళకే ఆసులు పంచుతుందట మా తమ్ముడు చెప్పాడు అంది, కౌంటరు దగ్గర్నుంచి ఓనరమ్మ, మిషను సంగతి పక్కన పెట్టండి, పేకాటంటేనే అబద్ధాల ఆట, ముఖం చూసి బుకాయించడం, ఇంట్లో వాళ్ళకి కూడా అదే అలవాటవుతుంది అంది, ఈయనకి ఉత్సాహం వచ్చేసింది, తల కదపకండి అన్నా వినకుండా, ఫోన్లో ముఖాలెక్కడుంటాయి మేడమ్, బుకాయింపు ఉప్పులాంటిది, ఊరికే చిటికెడు వేస్తారు, ఆటలో సగం పని ముక్కలు పడేసి ఆ పందెం వదులుకోవడమే, ముక్కలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో కంపెనీ కాదు, బయటివాళ్ళు వచ్చి పరీక్ష చేసిపోతారు, లైసెన్సు ఉన్నచోట అయితేనే సుమా, లేనిచోట దేవుడే దిక్కు అన్నాడు, మరి అంతా అదృష్టం కాదా నాయనా అంది నర్సమ్మ, ఒక్క ఆటలో అదృష్టమేనమ్మా, ఏడాది పొడుగునా ఆడితే అదృష్టం అందరికీ సమానంగా వచ్చి పోతుంది, మిగిలేది బుర్రే, నేను చెబుతాను వినండి, అని మొదలుపెట్టాడు, ఆమెకి తెలుసు ఏం చెబుతాడో, రాణుల కథ, కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ తాళంతో పాటు ఇచ్చి పంపుతున్న కథ, ఆవిడ చేతిలో రెండు రాణులు, నా చేతిలో రెండు రాజులు, మధ్యలో అందరికీ పరిచిన ముక్కలన్నీ చిన్నాచితకా, ఆ రాణులు పట్టుకున్నవాడు ఎవడైనా చివరిదాకా కూర్చుని మునుగుతాడు, ఆవిడ పడేసిందమ్మా, పడేసి, తిప్పి చూపించింది, ఇదిగో వీటినే పడేస్తున్నాను చూసుకో అని, నా చేతిలో ఏముందో లోపలికొచ్చి చూసినట్టు, ఏం బుర్రండీ అది, నేను లేచి నుంచున్నాను తెలుసా, అన్నాడు, నర్సమ్మ ఆహా అంది, అంత తెలివైన ఆడమనిషిని నేనూ చూడాలి అంది, చూస్తున్నావు తల్లీ, నీ తలకి రంగు వేసింది అదే, అనుకుంది ఆమె, దువ్వెన కొంచెం గట్టిగానే లాగింది, అబ్బా అన్నాడు ఆయన, ఏమైందే, చిక్కు అంది ఆమె, అంగుళం జుట్టుకి చిక్కేమిటి అన్నాడు ఆయన, మరి ఆ లేచి నుంచోవడం, పెళ్ళిలో తను గదిలోకి వస్తే లేచి నుంచున్నాడా, ఈ సెలూన్లో ఉద్యోగం వచ్చిన రోజు నుంచున్నాడా, ఎప్పుడూ లేదు, ఉల్లిపొర రెండు ముక్కలు పడేస్తే నుంచున్నాడు, ఇప్పుడు ఆ నుంచున్నవాడే తల కత్తిరించుకుని పైఅంతస్తు మెట్లెక్కుతాడు, టీచరమ్మా మీరేనా ఆ ఉల్లిపొర అంటాడు, ఆవిడ పాపం దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి, ఏ ఉల్లిపాయండీ అంటుంది, సిగ్గుపడి దాస్తోంది అనుకుంటాడు ఈయన, మళ్ళీ గొంతు సవరించుకుంటాడు, ఊరు నవ్వదా, ఆ నవ్వు సంగతి అలా ఉంచి, పోయి పోయి ఇంకొకరి పేరు కమిషన్ ముందు పెడతాడు, ఆవిడా ఇరుక్కుంటుంది, ఇంత జరుగుతున్నా తన నోరు ఎందుకు పెగలడం లేదు, నేనే అంటే ఏమవుతుంది, తిడతాడని భయమా, తిట్టుకి ఏనాడు భయపడింది గనక, కాదు, నేనే అన్న క్షణంలో ఆ మహాతల్లి చచ్చిపోతుంది, ఓస్ నువ్వా అంటాడు, ఆ ఓస్‌ని తను భరించలేదు, తనని మెచ్చుకున్న ఒక్క మాటా తన పేరు తెలియబట్టే పోతుందంటే ఎవరు మాత్రం నోరు విప్పుతారు.

మెడ మీద పౌడరు అద్దుతుంటే, ఇదిగో, అన్నాడు ఆయన అద్దంలో ఆమెనే చూస్తూ, విచారణకి నువ్వు కూడా నా పక్కన కూర్చోవాలి, ఇంట్లో మేమిద్దరమే, మా ఆవిడకి ఆసుకీ జాకీకీ తేడా తెలియదు అని నేనంటాను, అవునండీ అను చాలు, అంటావు కదా, అన్నాడు, ఆమె ఒంటికాలి మీద లేవబోయింది, ఆసుకీ జాకీకీ తేడా తెలియదా, ఎంత మాట, అని లేవబోయి కిందికి చూసింది, ఇప్పటిదాకా కుర్చీ కింద ఊగుతూ ఉన్న ఆయన కుడికాలు ఆగిపోయింది, మాట తేలిగ్గా అన్నాడు గానీ కాలు ఆగింది, ఆయనకి ఏదన్నా ప్రాణం మీదికి వస్తే ఆగుతుంది అది, మొరాయించే తాళం లోపల తీగ తగలాల్సినచోట తగిలినప్పుడు ఆగుతుంది, ఆస్పత్రిలో వాళ్ళమ్మ గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు ఆగింది, మరి ఆ ఆదివారం, సెలూన్ సెలవు, తను వంటగదిలో డబ్బాకి ఫోను ఆనించుకుని రాణులు చూసుకుని మురుస్తుంటే ముందు గదిలో పాత కుర్చీ ఆ కాలి ఊపుకి కిర్రు కిర్రుమంటూనే ఉంది, ఉన్నట్టుండి ఆ చప్పుడు పోయింది, పోయిన మరుక్షణం తను ముక్కలు పడేసింది, లెక్కా లేదు, బుర్రా లేదు, అసలు ఆలోచనే లేదు, కాలు ఆగింది, పెద్దవి పడ్డాయి ఈయనకి, అంతే, సెలూన్ నుంచి ఆడినప్పుడూ అంతేగా, భోంచేశారా అంటే ఠక్కున ఆఁ అన్నాడంటే చెయ్యనట్టు, చేతిలో ఏమీ లేనప్పుడే ఠక్కున పందెం తోస్తాడు, ఉన్నప్పుడు నానుస్తాడు, అదేమన్నా విద్యా, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ తెలిసిపోయింది, సరదాకి వేరే బల్లల దగ్గర కూర్చున్నప్పుడు ఏం చేసింది ఈ మహాతల్లి, ప్రతిచోటా ఓడిపోయి వచ్చింది, అక్కడ అందరికంటే అమాయకురాలు అదే, అక్కడ రాణులొస్తే చివరిదాకా పట్టుకుని కూర్చుంది, అయితే కంపెనీవాడు రాసింది అబద్ధం కాదన్నమాట, ఒక ఇంటివాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోకూడదు అంటే ఏమిటో వైఫై లాంటిదేదో అనుకుంది, కాదు, ఇదే, ముక్కలు ఒకరికొకరు చెప్పుకోకపోయినా గోడ అవతల కుర్చీ చెప్పేస్తుంది, ఆ నిబంధన రాసినవాడెవడో కాపురం చేసినవాడే అయ్యుంటాడు, ఇన్నాళ్ళూ ఎవరి మీద ఏడ్చింది తను, ఈయన లేచి నుంచుని మొక్కిన తెలివి పేకాటది కాదు, పైఅంతస్తుదీ కాదు, ఇన్నేళ్ళుగా ఈయన ఇంట్లో ఈయన చప్పుళ్ళ మధ్య బతికిన మనిషిది, ఇంకెవరికీ రాదు, తనూ ఇంకెవరి ముందూ అలా ఆడలేదు, ఓస్ అంటే అననీ, అంటే ఆ ఓస్ వెనకున్నది కూడా తనకి తెలుస్తుంది, అనుకునేసరికి ఇన్నాళ్ళూ గుండెల్లో రగిలిందేదో చప్పున చల్లారి, నవ్వు లాంటిది వచ్చింది, కత్తెర బల్ల మీద పెట్టి, మెడ గుడ్డ విప్పి దులిపి, పైకి వెళ్ళొద్దండీ, నేనే వచ్చి కమిషన్ వాళ్ళకి చెబుతాను, రాణులు పడేసింది లెక్క వేసి కాదు, మీ కాలు ఆగింది, అంది.