పొయ్యి దగ్గరి కబుర్లు

వీధిలో అందరూ ఆమెను పొయ్యిలమ్మాయి అంటారు. ఎండతో నడిచే చిన్న ఫ్యాను బిగించిన, పొగ రాని పొయ్యిలు అమ్ముతుంది. అమ్ముతుందన్నది పేరుకే. తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి కానీ ఒక్కటీ పోలేదు. ఈ నెలా ఇంతే అయితే అమ్మమని ఇచ్చిన మహిళా సంఘం వాళ్లు పొయ్యిలు వెనక్కి తీసుకుని ఈ పని ఇంకొకరికి ఇస్తారు.

ఆ పొద్దున బట్టలు కుట్టే ఆవిడ వాకిట్లో పొయ్యి వెలిగించి చూపించింది. నాలుగు పుల్లలకే మంట చక్కగా అందుకుంది. ఆవిడ ముచ్చటపడి దగ్గరికి వంగి, ముక్కు ఎగబీల్చింది.

"పొయ్యికి పొగ లేదు, సరే. నీ జుట్టుకెందుకు పొగ వాసన?"

చుట్టూ చేరినవాళ్లు ఘొల్లున నవ్వారు.

"మా ఇంట్లో ఇంకా పాత పొయ్యే వదినా. మా అత్తయ్య ఒప్పుకోవట్లేదు," అంది, అబద్ధం నోటికి రాక.

"ఇంట్లో అత్తనే ఒప్పించలేనిదానివి, మమ్మల్నేం ఒప్పిస్తావే తల్లీ!"

ఇంటికి వచ్చేసరికి అత్త పాత పొయ్యి ముందు కూర్చుని దగ్గుతోంది. ఆ దగ్గు వినగానే కోడలి కోపం కాస్తా నీరుగారిపోయింది.

"కొత్త పొయ్యంటే మీకెందుకంత పగ అత్తయ్యా? నా మీద కోపమా?"

"నీ మీద కోపమెందుకే పిచ్చిదానా!" అత్త పుల్ల ఎగదోసింది. "దానికి మహా తొందర. ఇలా పెడితే అలా ఉడికిపోతుంది."

"మంచిదేగా!"

"నీకు మంచిదే. సంచి తగిలించుకుని చక్కా పోతావు. ఇదైతే ఓ పట్టాన మండదు కనక, కూర తరుగుతూ ఆ ఊసూ ఈ ఊసూ చెబుతావు. నువ్వెళ్లాక సాయంత్రం దాకా నాతో మాట్లాడేదెవరు, ఆ గోడా?"

ఈ పొయ్యితో ఎంత సమయం మిగులుతుందో సంఘం వాళ్లు శిక్షణలో చెప్పారు. ఆ మిగిలింది ఎవరికివ్వాలో చెప్పలేదు.

మర్నాడు తనే కొత్త పొయ్యి మీద వంట చేసింది. ఇట్టే అయిపోయింది. అత్త ఓరకంట చూసింది. కోడలు సంచి జోలికి పోకుండా, పీట లాక్కుని పక్కన చతికిలబడింది.

"ఊఁ, చెప్పండి. మీ చెల్లెలి ముక్కుపుడక సంగతి ఎంతవరకు వచ్చింది?"

అది చాలా దూరం వెళ్లింది. చివరికి అత్తే లేచి చెప్పులు వేసుకుంది.

"పద, నేనూ వస్తా. ఆ కుట్టే ఆవిడకి నేను చెబుతాను."

చెప్పింది. వీధిలో మొదటి పొయ్యి అమ్మింది అత్తే. బేరం కుదిరాక కూడా అత్త కబుర్లు ఆపి లేవలేదు. కోడలూ తొందరపెట్టలేదు.