గాజుగోళం కాల్చని గీతలు

పేటలో అందరూ ఆయన్ని గోళం మాస్టారు అనేవారు. బడిలో పాఠం చెప్పింది ఏనాడూ లేదు. గుట్ట మీది వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్లు పరిశీలకుడిగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఇత్తడి పీఠం మీద పెద్ద బత్తాయంత గాజుగోళం ఉండేది. దాని వెనక గాడిలో రోజుకో నీలం అట్టముక్క దూర్చాలి. ఎండ కాసినంతసేపూ గోళం ఆ వేడిని ఒక్క చుక్కలోకి లాగి అట్టను కాలుస్తుంది. మబ్బు పట్టగానే గీత ఆగిపోతుంది. సాయంత్రం అట్ట తీసి గీత పొడవు కొలిస్తే, ఆనాడు ఎన్ని గంటలు ఎండ కాసిందో తేలిపోతుంది.

"దీనికి ముల్లు లేదు, మర లేదు, అబద్ధమాడే నోరు అసలే లేదు" అని ఆయన మురిసిపోయేవారు.

రుజువు లేని మాటంటే ఆయనకు ఒళ్లుమంట. చేతి గీతలు చూసి భవిష్యత్తు చెబుతానని వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి "ఎలా తెలిసింది?" అని అడిగి అడిగి పారిపోయేట్టు చేసిన ఘనత ఆయనది. ఉన్న ఒక్క కూతుర్నీ ఆ ప్రశ్నతోనే పెంచారు. కుండీలో మొక్క ఎండిపోయిందన్నా, పక్కింటివాళ్లు ఊళ్లో లేరన్నా, ఆయన నోట వచ్చేది అదే మాట. ఆ పిల్ల ఇప్పుడు రాజధానిలో ప్రణాళికా శాఖ అధికారి. ఎండ నుంచీ గాలి నుంచీ విద్యుత్తు తీసే విభాగం ఆమెది.

ఆదివారం ఉదయం ఆమె ఒక అట్టపెట్టె, ఒక ఫైలు పట్టుకుని ఇంటికి వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా తండ్రి ముందు కూర్చుంది.

"నాన్నా, కళ్లజోడు పెట్టుకో. నలభై రెండో పేజీ."

అది జాతీయ ప్రణాళిక ముసాయిదా. పదేళ్లలో దేశానికి కావలసిన విద్యుత్తులో సగం ఎండా గాలీ ఇవ్వాలి. అన్నిటికన్నా పెద్ద సౌర క్షేత్రానికీ, దాని పక్కనే సౌర పలకలు తయారుచేసే కర్మాగారానికీ ఏడు చోట్లు పోటీపడ్డాయి. మొదటి స్థానంలో తమ గుట్ట, దాని చుట్టూ ఉన్న మెట్టభూమి. కారణం ఒక్క వాక్యంలో ఉంది: "వానాకాలంలో సైతం రోజుకు సగటున ఆరు గంటల ఎండ, మూడేళ్ల ప్రత్యక్ష నమోదు."

"మిగతా ఆరు చోట్లా వానాకాలం వస్తే ఎండ పడిపోతుంది నాన్నా. మన గుట్ట ఒక్కటే నిలబడింది. ఆ ధైర్యంతోనే పాత బొగ్గు కేంద్రాన్ని నాలుగేళ్లు ముందే మూసేద్దామన్నాను. ఉపగ్రహం లెక్క వేరేగా ఉందన్నారు. పైనుంచి చూసింది గొప్పా, నేల మీద కాలింది గొప్పా అని అడిగా. ఒక్కడూ నోరెత్తలేదు."

"మూడేళ్లేమిటి? నేను పంపినవి ముప్ఫై ఏళ్లవి కదా!"

"మిగతావన్నీ చెదలు తినేశాయి. చివరి మూడేళ్లవే దొరికాయి. ఇవిగో." ఆమె పెట్టె మీద తట్టింది. "రేపు ప్రణాళికా సంఘం ముందు పెడుతున్నాం. నువ్వూ రావాలి. మంత్రిగారి పక్కన కూర్చోబెట్టి ఈ అట్టలు నీ చేత్తోనే చూపిస్తా."

"అయితే ఆ బూడిదరంగు కోటు తియ్యాలి" అంది భార్య, అప్పుడే సూదీ దారం వెతుక్కుంటూ. "దాని బొత్తాం ఊడి ఏడాదైంది. ఆకాశంలో ఎండ కొలుస్తారు గానీ, ఒంటిమీద బొత్తాం ఉందో లేదో చూసుకోరు."

తల్లీకూతుళ్లు నవ్వారు. గోళం మాస్టారు పెట్టె మూత మీద చెయ్యి పెట్టారు.

చివరి మూడేళ్లు. ఇంకెవరికీ గుర్తుండనవసరం లేదు, ఆయనకు గుర్తుంది. గుట్టకు రెండువందల పన్నెండు మెట్లు. వానాకాలంలో పాకుడు. కింద గడియారాలు బాగుచేసే మిత్రుడి అరుగు మీద చదరంగం. ఒకనాటి ఆట ఎంతకూ తెమల్లేదు. పొద్దు గుంకింది, అట్ట మార్చలేదు. మర్నాడు చిట్టాలో 'నమోదు లేదు' అని రెండు మాటలు రాస్తే సరిపోయేది. ఇరవై ఏడేళ్లలో ఒక్కరోజూ తప్పలేదన్న పేరు అడ్డొచ్చింది. కొత్త అట్ట తీసి, భూతద్దం కింద పెట్టి, ముందురోజు అరుగు మీద ఎంతసేపు ఎండ పడిందో గుర్తుచేసుకుంటూ గీత కాల్చారు. ఆ ఒక్కసారే అనుకున్నారు. తర్వాత వారానికి సరిపడా అట్టలు ఒక్కపూటలో, డాబా మీద, టీ తాగుతూ కాల్చడం అలవాటైపోయింది. మబ్బుల కోసం మధ్యమధ్య ఖాళీలు వదిలేటంత పనితనం కూడా వచ్చింది. వానాకాలమంతా గుట్ట నెత్తిన మబ్బు కూర్చునే ఉంటుందని, కింద అరుగు మీద ఎండ కాసినా పైన కాయదని తెలియనివాడు కాదు. ఎవరు చూడొచ్చారనుకున్నారు.

"కోటు వద్దు" అన్నారు.

"అదేంటండీ?" అంది భార్య.

ఆయన పెట్టె తెరిచి ఒక అట్ట తీసి కూతురి చేతిలో పెట్టారు. "పొద్దుటి ఎండకి బలం ఉండదు. అసలు గీత చివర్లు వెంట్రుకలా సన్నగా ఉండి, మధ్యాహ్నానికి లావెక్కుతుంది. దీన్ని చూడు."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. "మొత్తం ఒకే లావుంది. గోళం పక్కకి జరిగిందా?"

"గోళం కాదు. భూతద్దం. పట్టుకున్న చెయ్యి నాది."

ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలియడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మకి ఆపరేషనైన ఏడాదా?" అంది.

ఆయన తప్పించుకోవడానికి ఆమె ఒక దారి తెరిచి పట్టుకుంది. ఒక్కసారి తల ఊపితే చాలు. గుమ్మంలో సూదికి దారం ఎక్కిస్తున్న భార్య చేతులు ఆగిపోయాయి.

"కాదు. అప్పుడు ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. ఇది చదరంగం."

"చదరంగమా?"

"ఆఁ. ఆట మధ్యలో లేవబుద్ధి కాక."

ఆమెకు నవ్వు వచ్చింది, సగంలోనే చచ్చిపోయింది. "అంటే దేశానికి నేను చూపించిన ఎండ... గడియారాల బాబాయి అరుగు మీద కాసిందా నాన్నా?"

ఆయన ఔనని తల ఊపారు.

"బొగ్గు కేంద్రం మూసేసి, వానాకాలంలో ఈ క్షేత్రం పడుకుంటే? ఆస్పత్రుల్లో యంత్రాల మీద మనుషులుంటారు. తెలుసా నీకు?" ఆమె పెట్టెను ఆయన ముందుకు తోసింది. "దొంగవి ఏరెయ్. మిగిలినవాటితో ఏమైనా నిలబడుతుందేమో చూస్తా."

బల్ల మీద ఏరడం మొదలుపెట్టారు. అసలువి ఎడమకి, దొంగవి కుడికి. కుడివైపు దొంతర త్వరత్వరగా పెరిగింది. కాసేపటికి మధ్యలో మూడో దొంతర లేచింది.

"ఇవేంటి?"

"తెలియట్లేదు."

"కాల్చింది నువ్వే కదా!"

"పొద్దున్న గోళం కాల్చి ఉండొచ్చు, మిగతాది నేను పూర్తి చేసుండొచ్చు. మొత్తం ఎండే అయినా అయ్యుండొచ్చు. చివరికొచ్చేసరికి చివర్లు సన్నగా కాల్చడం కూడా నేర్చుకున్నానమ్మా."

ఆమె ఎడమవైపు దొంతర నుంచి ఒక అట్ట తీసింది. "మరి ఇది అసలుదని ఎలా తెలిసింది?"

అందులో ఎత్తిపొడుపు లేదు. చిన్నప్పుడు ఆయన నేర్పిన తీరులోనే, జవాబు కోసమే అడిగింది. ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. తన చేతి రాత ఉంది, తారీఖు ఉంది. గీత చివర వెంట్రుకలా సన్నగా ఉంది. దాన్ని తీసుకెళ్లి మధ్య దొంతర మీద పెట్టారు.

ఆమె ఇంకో అట్ట తియ్యలేదు. ఫోను తీసి పై అధికారికి చేసింది.

"ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నానండీ. మొదటి స్థానం తీసేయాలి... గుట్ట కేంద్రం లెక్క మొత్తం. అవును, మూడేళ్లదీ. బొగ్గు కేంద్రం మూసే తేదీ కూడా వెనక్కి తీసుకుంటున్నా... లేదండీ, ఉపగ్రహం వాళ్లే రైటు. నేనే పొరపడ్డా... పరిశీలకుడు స్వయంగా చెప్పాడు."

అవతల ఏదో అడిగారు. తను పక్క గదిలోకి వెళుతుందేమో, కనీసం గొంతైనా తగ్గిస్తుందేమోనని గోళం మాస్టారు చూశారు. ఆమె కదల్లేదు.

"ఆయన మా నాన్నేనండీ" అంది, ఎప్పుడూ అనే గొంతుతోనే. "రేపు అది కూడా రాసి పెడతాను."

గుమ్మంలో భార్య కోటు మడతపెట్టి, బొత్తాం జేబులో వేసి, లోపలికి తీసుకుపోయింది. ఆయన చెయ్యి ఇంకా మధ్య దొంతర మీదే ఉంది.