సరి సంచికల ముచ్చట

దేవకుమార్ నోరు విప్పాడంటే నాంపల్లి స్టేషన్‌లో అనౌన్స్‌మెంటు కూడా కాసేపు ఆగి దారివ్వాల్సిందే. గొంతు పెద్దది. మాటకి రెండర్థాలు తీసే తీట అంతకంటే పెద్దది. ఆఫీసులో ఎవరైనా ఫైలు కదలడం లేదంటే, "పైల్సున్నవాడి బల్ల మీద పెడితే ఎలా కదులుతుందండీ?" అనేవాడు. నలభై దాటినా పెళ్లి కాలేదేమని అడిగితే, "నేను బ్రహ్మచారిని కాను, రోజూ చారే కాచుకుంటాను గనక ఒట్టి చారిని" అనేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవాళ్లు, తక్కినవాళ్లు టీకి లేచేవాళ్లు.

అలాంటి మనిషి ఒక్కటంటే ఒక్క మాట దగ్గర బోర్లా పడ్డాడు.

రెండు వేల నాలుగులో అబిడ్స్‌లోని రామచందర్ పత్రికల దుకాణానికి లండన్ నుంచి ఓ పత్రిక రావడం మొదలైంది. పదిహేను రోజులకో సంచిక. సంచికతో పాటు ప్లాస్టిక్ పెట్టెలో పాతకాలపు ఎర్ర కారు తాలూకు నాలుగు ముక్కలు. అన్నీ కొని, అన్నీ బిగిస్తే, అసలు కారులో ఎనిమిదో వంతు, మూరెడు కారు తయారవుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, చక్రాలు తిరుగుతాయి. ఉన్నవి మాత్రం రెండే సీట్లు.

దేవకుమార్‌కి కారంటే పాత బాకీ. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో దొరసాని గారి కారుని అతని తండ్రి నడిపేవాడు. తండ్రి చేతికి స్టీరింగు, కొడుకు చేతికి తుడిచే గుడ్డ. ఒక్కసారి లోపల కూర్చుంటానంటే, "మన కారు కాదురా" అన్నాడు తండ్రి. కారుకీ కాదుకీ ఒక్క అక్షరమే తేడా అని అతనికి ఆరోజే తెలిసింది. బహుశా మాటలతో ఆడుకోవడం కూడా అక్కడే మొదలైంది. ఆడుకోవడానికి ఇంకేమీ లేదు మరి.

మొదటి సంచిక మీద అతను చెయ్యి వేసేసరికి, అటువైపు నుంచి ఇంకో చెయ్యి కూడా పడింది.

"ఒక్కటే తెప్పిచ్చిన సార్. లండన్‌ది, ఎవరు కొంటరనుకున్న," అన్నాడు రామచందర్.

"ముందు చెయ్యి వేసింది నేనండీ!" దేవకుమార్ గొంతుకి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నవాళ్లంతా తలెత్తారు.

"ముందుగాల చూసింది నేను," అంది ఆమె, గొంతు పెంచకుండానే.

"చెరి సగం కొనుండ్రి," అన్నాడు రామచందర్.

"సగం కారు నడవదు కదండీ!"

"నడవకపోతె నూకుదాం."

అతని మాటకి అంత తొందరగా బదులు చెప్పిన మనిషి అంతకుముందు లేదు. ఆమె పేరు కృపాజ్యోతి. మెదక్ వాళ్లు. అబిడ్స్‌లోనే కళ్లద్దాల దుకాణంలో పని. కారు ఎందుకంటే, "రోజంతా నేను బిగిచ్చినయన్ని ఇంకొకల్ల ముక్కు మీదెక్కి పోతయి. నాది అని ఒకటన్న ఉండొద్దా?" అంది.

చివరికి ఒప్పందం కుదిరింది. బేసి సంఖ్యల సంచికలు అతనివి, సరి సంఖ్యలవి ఆమెవి. కారు రామచందర్ దుకాణంలో పై అరలో ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక ఎవరి సంఘం నుంచి వాళ్లు వచ్చి, అక్కడే స్టూళ్లేసుకుని బిగిస్తారు.

"సరి మీది, బేసి నాది. మిమ్మల్ని చూస్తే అన్నిటికీ సరే అనే మనిషిలాగే ఉన్నారు!"

"నేను దేనికి జల్ది సరే అనను," అందామె.

ఆదివారాలు గడిచాయి. కళ్లద్దాల మరమేకుల్ని తిప్పే సన్న స్క్రూడ్రైవరు ఆమె పర్సులోంచి వచ్చేది. దేవకుమార్ లావు వేళ్లు ముక్కల్ని పట్టుకునేవి, ఆమె బిగించేది. బిగిస్తున్నంతసేపూ అతనికి ఒకటే గుబులు. చర్చి అలవాటు కొద్దీ ఈమె ఎక్కడ తనని 'బ్రదర్' అనేస్తుందోనని. ఆ ఒక్క మాట పడితే ఇక అప్పీలు లేదు. ఆమె ఎప్పుడూ 'సారు' అనే అంది. ఆ 'సారు' కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడు. అతని శ్లేషలకి ఆమె నవ్వేది కాదు. "ఐపోయిందా? గిప్పుడు గా ముక్క ఇట్ల పట్టుండ్రి," అనేది. ఫుట్‌పాత్ మొత్తం నవ్వినా రానంత తృప్తి అతనికి అందులో ఉండేది.

ఒక ఆదివారం అతని బేసి సంచికలో డ్రైవరు సీటు వచ్చింది. బిగించారు. దేవకుమార్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గొంతు తగ్గించాడు.

"కృపాజ్యోతి గారూ, ఈ కారుకి రెండే సీట్లు. ఒకటి నా సంచికలో వచ్చింది. రెండోది మీ సంచికలో వస్తుంది. నేను చెప్పేది కారు గురించి కాదండీ..."

ఆమె తలెత్తింది. మొహంలో రంగు మారింది.

"గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి," అని, స్క్రూడ్రైవరు పర్సులో పడేసుకుని, లేచి వెళ్లిపోయింది.

ముచ్చట! బాపట్లలో ముచ్చటంటే మనసుపడ్డది, తీరితే బాగుండుననుకున్నది. ముచ్చటపడి చీర కొంటారు, ముచ్చట తీరకుండానే పోతారు. మెదక్‌లో ముచ్చటంటే ఉత్త సంగతి, మాట, కబురు. ఆ సంగతి ఇప్పుడు కాదందా? ఆ ఆశే వదులుకోమందా? ఆమె మెదక్ మనిషి, నిజమే. కానీ అతని దగ్గర అతని భాష మాట్లాడి ఉంటే? ఊళ్లో వాళ్ల మాటలన్నిటికీ రెండర్థాలు తీసిన మనిషికి, తనకి దక్కిన ఒక్క మాటకి ఏది అర్థమో తేలలేదు.

అడగొచ్చుగా? వదులుకోమన్న ఆశని మళ్లీ పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టడం మర్యాద కాదనుకున్నాడు. ఆమెకి ఎదురుపడి ఇబ్బంది పెట్టకూడదని, శనివారం సాయంత్రాలు వచ్చి తన సంచిక తీసుకుపోవడం మొదలుపెట్టాడు. శనివారం రామచందర్ సరుకు కోసం సుల్తాన్ బజార్ వెళ్తాడు, కొట్లో అతని భార్య పూలమ్మ ఉంటుంది. ఆదివారం ఎవరొస్తారో, ఎవరు రారో పూలమ్మకి తెలియదు.

అతనికి తెలిసేది ఒక్కటే. సరి సంచిక అమ్ముడుపోవడం లేదు. తర్వాతి సరి సంచికా అంతే. అరలో, సగం కారు పక్కన, విప్పని పెట్టెలో రెండో సీటు ప్లాస్టిక్‌లోంచి కనబడుతూ ఉండేది. అది లేకుండా అతని ఇంట్లో పోగైన బేసి ముక్కలు ఎక్కడా అతకవు. ఖాళీ సీటంటే కూర్చునేవాళ్లు లేని సీటనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. అసలు సీటే లేని ఖాళీ ఒకటుంటుందని ఇప్పుడు తెలిసింది.

ఆఫీసులో అతని సెక్షన్‌లో పనిచేసే నళిని, "ఏంది సార్, ఫైలు కదుల్తలేదంటున్న, ఏమంటలేరు?" అని అడిగింది. "కదుల్తుంది లెండి," అన్నాడు. ఆమె భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సాయంత్రాలు నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచేవాడు, కళ్లద్దాల దుకాణం లేని వైపు ఫుట్‌పాత్ మీద. అద్దాల తలుపు వెనక ఆమె ఎవరో పెద్దాయన ముక్కు మీద కళ్లజోడు పెట్టి, తల వెనక్కి వంచి, సరిచూసేది. నలభై దాటితే చత్వారం వస్తుందంటారు. తనకి రాదే! బాగా కనబడే కళ్లున్నందుకు జీవితంలో మొదటిసారి విచారించాడు.

ఒక శనివారం పూలమ్మ చెప్పింది.

"సోమవారం ఏజెంటు వస్తుండు సారు. అమ్ముడువోనియన్ని వాపస్. మీ జోడీ పుస్తకాలు గూడ పోతయి. మీరే తీస్కపోరాదుండ్రి?"

"అవి నావి కావమ్మా."

"ఆమె కొంటలేదాయె. మరి ఎవరియి?"

దేవకుమార్ అరవైపు చూశాడు. అవి కొంటే కారు పూర్తవుతుంది. చిన్నప్పటి నుంచి కోరుకున్నట్టు, అచ్చంగా తన కారు. కానీ ఆమె వాటా కొన్నాడంటే ఆమె ఇక రాదని తన చేత్తో ఒప్పుకున్నట్టే. కొనకపోతే సోమవారం రెండో సీటు లండన్ దారి పడుతుంది.

ఆ ఆదివారం అతను చర్చి నుంచి నేరుగా దుకాణానికి వచ్చాడు.

"ఎన్ని దినాలకు సార్!" అన్నాడు రామచందర్. "మేడం ప్రతి ఐతారం అడుగుతది."

"ఆవిడ... వస్తున్నారా?"

"రాకేంది? 'సారు బుక్కు తీస్కపోయిండా?' అంటది. ఔ అంటె, తన బుక్కు చేతిలకు తీస్కుంటది, చూస్తది, మళ్ల గాడనే పెట్టి పోతది. కొనుండ్రి మేడం అంటె, నా ఒక్కదానికి సగం కారు ఏంటికంటది."

దేవకుమార్ స్టూలు మీద కూలబడ్డాడు. అరలోంచి కారు దించి ఒళ్లో పెట్టుకున్నాడు. దుమ్ము పట్టింది. జేబురుమాలుతో తుడుస్తూ కూర్చున్నాడు, బాపట్లలో లాగే.

కృపాజ్యోతి వచ్చి, అతన్ని చూసి, వెనక్కి తిరగబోయి, ఆగింది.

"ఆరోజు ముచ్చట విడిచిపెట్టమన్నారు," అన్నాడు. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే ఆమె వంగి వినాల్సొచ్చింది. "మా ఊరి ముచ్చటా అండీ, మీ ఊరి ముచ్చటా?"

"ముచ్చట ముచ్చటే. మీ ఊర్ల ఇంకోటుంటదా?"

అతను చెప్పాడు. మెదక్ అర్థం చెప్పాడు, బాపట్ల అర్థం చెప్పాడు. వింటూ వింటూ ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో సారూ! మీ ఎన్కాల మా పాస్టరమ్మ నిలవడ్డది. ఆమె చెవిల పడితె పొద్దుగూకేలోపల మెదక్ దాంక పోతది. గందుకే గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి అన్న. మీరు మనిషినే ఇడిసిపెట్టిన్రు!"

రామచందర్ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, ఇదివరకే సర్దిన పత్రికల్ని మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

ఆమె సరి సంచిక తీసి పెట్టె విప్పింది. రెండో సీటు బయటికి వచ్చింది. పర్సులోంచి సన్న స్క్రూడ్రైవరు తీసింది.

"గిప్పుడు పాస్టరమ్మ లేదు. చెప్పుండ్రి."

దేవకుమార్ వెతుక్కున్నాడు. ఒక్క శ్లేష తగల్లేదు. ఇన్నేళ్లూ మాటల వెనక దాక్కున్న మనిషికి ఈరోజు ఒక్క చాటు మాటా దొరకలేదు.

"మీరంటే నాకు ఇష్టమండీ. పెళ్లి చేసుకుందాం. మీకు సరేనా?"

ఆమె సీటుని డ్రైవరు సీటు పక్కన పెట్టి, అతని వేలు తీసుకుని దాని మీద నొక్కి పట్టించి, మరమేకు తిప్పసాగింది. మరమేకు బిగిసింది.

"సరి నాదేనని మొదటి దినమే అంటిరి గద సారు," అంది, తలెత్తకుండా.

ఆ మాటలో రెండో అర్థం అందడానికి దేవకుమార్‌కి కాసేపు పట్టింది. అందాక అతను నవ్విన నవ్వుకి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్లంతా తలెత్తి చూశారు.

కారుకి స్టీరింగు ఇంకా రాలేదు. అది సరిలో వస్తుందో, బేసిలో వస్తుందో ఇద్దరికీ తెలియదు.