గింజలు పగలగొట్టిన పుస్తకాలు

ఆ ఏడు గురప్ప కొట్టంలో విత్తనపు కాయలు ఒలవడానికి పదకొండుమంది ఆడవాళ్లు కూర్చున్నారు. పన్నెండో మనిషి మేరాజ్ బీ. ఆమె ఒలవదు, చదువుతుంది.

అది 1959, మృగశిర కార్తె. ఊరు బెళుగుప్పకు నాలుగు మైళ్లు. వాన పడితే వేరుశనగ విత్తాలి. పడేలోపల గింజ సిద్ధంగా ఉండాలి. విత్తనానికి చేత్తోనే ఒలవాలి. బొటనవేలితో కాయ ముక్కు మీద నొక్కితే చిట్లుతుంది. కాస్త ఎక్కువ నొక్కితే లోపలి గింజ రెండు బద్దలవుతుంది. బద్ద మొలవదు, చట్నీకి పోతుంది.

మేరాజ్ బీ గుత్తిలో పుట్టి అక్కడే ఐదో తరగతి దాకా చదివింది. ఈ ఊరి దర్జీ నూర్ అహమ్మద్‌ను చేసుకుని వచ్చింది. నాలుగేళ్ల కిందట ఇదే కొట్టంలో కాయలు ఒలుస్తూ, బెల్లం పొట్లం కట్టిన కాగితంలో కథ కనబడితే పైకి చదివింది. కాగితం సగంలో చిరిగిపోయింది. మిగతా కథ ఏమయిందని ఆడవాళ్లు రెండు రోజులు అడిగారు. మూడోరోజు, అందరికంటే పెద్దదైన పెద్దక్క ఒక కట్టుబాటు చేసింది. మేరాజ్ చదవాలి. సాయంత్రం కూలి కొలతకు ముందు ఒక్కొక్కరు తమ గింజల్లోంచి పిడికెడు ఆమె గంపలో వేయాలి. ఆ పిడికిళ్లను ఆమె ఒలిచినట్టే కొలవాలి. పిడికెడంటే మొలిచే గింజలు. బద్దలు కుదరవు.

పుస్తకాలు గుత్తి గ్రంథాలయం నుంచి పెట్టెలో వచ్చేవి. నలభై పుస్తకాలు. బడిలో రామదాసు అయ్యవారి దగ్గర ఏడాది ఉండి వెనక్కి పోయేవి, కొత్త పెట్టె వచ్చేది. పాతవాటిలో మూడింటిని మాత్రం ఊరు ఇంకో ఏడాది ఉంచుకోవచ్చు. ఆ మూడు ఏవో కాగితం మీద రాసి, పెట్టెకు పూచీపడిన పెద్దమనిషి చేత సంతకం చేయించి పంపాలి. పూచీ గురప్పది. నలభై చదివిన మనిషి ఊళ్లో ఒకతే కాబట్టి కాగితం రాసేది మేరాజ్ బీ.

నచ్చిందా అని అడిగితే ఆడవాళ్లు ఏ పుస్తకాన్నయినా బాగుండాది అనేవాళ్లు. చదివినామె మనసు కష్టపెట్టకూడదని. అందుకని మేరాజ్ బీ వాళ్లను అడగడం మానేసి బద్దలకుప్ప చూడటం మొదలుపెట్టింది. ఎరువుల పుస్తకం చదివిన రోజు నాలుగు బద్దలు. రైలుగేటు కాపలాదారు కూతురి కథ చదివిన రోజు అరపడి. కోడలి చేతి వంట తినక పంతం పట్టిన అత్త కథకూ అంతే. రంగూన్‌కు పోతూ నడిసముద్రంలో ఆగిపోయిన ఓడ కథ చదివిన మంగళవారం నిండు పడి. ఆ పుస్తకాల అట్టల మీద పేర్లు వేరే ఉన్నాయి. కొట్టంలో అవి గేటు పుస్తకం, అత్త పుస్తకం, ఓడ పుస్తకం. ఆమె కాగితం మీద రాయబోయేది ఆ మూడే.

బుధవారం మధ్యాహ్నం గురప్ప చాటలో బద్దలు పోసుకుని వచ్చాడు.

"ఏమ్మా మేరాజ్ బీ, ఇవేంది?"

"బద్దలన్నా."

"నాకు కండ్లుండాయిలే. యాడనుంచి వచ్చినాయి?"

"కాయల్లోనుంచి వచ్చినాయప్పా," అంది పెద్దక్క తల ఎత్తకుండా.

"నీ నోటికేం తక్కువ లేదు పెద్దక్కా. పోయిన మంగళవారం ఒక్క పొద్దే పడి బద్దలు. ఆపొద్దు ఏం చదివినావమ్మా?"

"ఓడ," అంది మేరాజ్ బీ.

"ఓడ! ఈ ఊర్లో బావిలో బిందె మునగదు, మీకు ఓడ కావాల్సొచ్చింది." గురప్ప చాట కింద పెట్టాడు. "మూడు పుస్తకాలు ఉంచుకోవల్లంట గదా. నా ఇత్తనం పగలగొట్టని మూడు ఏవో చూసి రాయి. సంతకం పెడతా. తక్కినవి శుక్రవారం పెట్టెతో పోనీ. కాదు కూడదంటే ఈడ చదువే లేదు. నువ్వూ కూచోని ఒలుచుకో."

ఆయన పోయాక చౌడమ్మ దగ్గరికి జరిగింది. "అక్కా, ఆయప్పకు సంతకం తప్ప చదువు రాదు గదా. ఓడ పుస్తకం చూపిచ్చి ఇదే ఎరువుల పుస్తకం అను."

"అయ్యవారికి చదువొస్తాది గదే," అంది మేరాజ్ బీ.

"అయ్యవారికి నేను చెప్తాలే."

"నువ్వు చెప్తే ఆయన తికమకపడి ఎరువుల పుస్తకమే రెండుసార్లు రాసుకుంటాడు," అంది నల్లమ్మ. అందరూ నవ్వారు. మేరాజ్ బీ నవ్వలేదు.

ఇంటికి పోయి కాగితం ముందు కూర్చుంది. ఎరువుల పుస్తకం పేరు రాసింది. పశువుల రోగాల పుస్తకం పేరు రాసింది. మూడోది రాయబోతే కలం కదల్లేదు. నోటితో అబద్ధమాడితే అబద్ధమని ఊరుకోవచ్చు. తనకు నచ్చినవి వదిలి నచ్చనివాటి పేర్లు తన చేత్తో రాసి గుత్తికి పంపడం ఆమె వల్ల కాలేదు. పైగా ఎరువుల పుస్తకం ఇంకో ఏడాది చదివితే పెద్దక్క పక్క కొట్టానికి వెళ్లిపోతుంది. కాగితం చించి, గురప్ప ఇంటి వాకిట్లోకి పోయింది.

"అన్నా, రేపు ఒక్క పొద్దు వచ్చి కూచో. ఓడ పుస్తకమే చదువుతా. మళ్లా పగిలితే నువ్వు చెప్పినట్టే రాస్తా."

"పగిలినాక చెప్పేదేముండాది?"

"అయినా రా అన్నా."

గురువారం పొద్దున సంగతి తెలిసి పెద్దక్క నెత్తి కొట్టుకుంది. "నీకు మతి పోయిందా మేరాజూ? ఆ నీళ్ల పీపా దగ్గరికొస్తే నా బొటనవేలు నా మాట ఇనదు."

మేరాజ్ బీ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. పుస్తకం పోతే పోయేముందు ఇంకోసారి చదివినట్టుంటుంది, అంతే అనుకుంది.

గురప్ప వచ్చి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. సేద్యగాడు, చేతులు ఊరికే ఉండవు. తువ్వాలు పరుచుకుని, ముందరికి నాలుగు చాటల కాయలు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాడు. మేరాజ్ బీ చదివింది. ఓడలో యంత్రం చెడింది. రెండు పీపాల నీళ్లు అయిపోయాయి. మనిషికి రోజుకు ఒక్క గ్లాసు.

"చుట్టూరా నీళ్లే గదా?" అన్నాడు గురప్ప.

"ఉప్పునీళ్లన్నా."

"వడపోసుకోగూడదా?"

"ఉండప్పా, ముందర చెప్తాది," అన్నారు ముగ్గురు ఒకేసారి.

మూడో పీపా అడుగున కారుతోందని ఎవరికీ తెలియదు. చౌడమ్మ నోరు తెరవబోతే నల్లమ్మ మోచేత్తో పొడిచింది. ఒక ముసలామె తన గ్లాసు తాగకుండా కొంగు కింద దాచిపెట్టుకుంది. పీపా దగ్గర కొట్లాట లేచింది. చూస్తే పీపాలో తడి తప్ప నీళ్లు లేవు. అందరూ ముసలామె కొంగు వైపు తిరిగారు. ఆమె గ్లాసు బయటికి తీసింది.

అధ్యాయం అయిపోయింది. మేరాజ్ బీ పుస్తకం మూసింది.

పెద్దక్క లేచి పదకొండుమంది దగ్గరి బద్దలూ ఏరి చాటలో పోసింది. దోసెడు కూడా కాలేదు. తర్వాత గురప్ప తువ్వాలు దగ్గరికి వచ్చి నిలబడింది. తువ్వాలు నిండా బద్దలే.

"ఈ పక్క పదకొండుమందివి. ఆ పక్క నీ ఒక్కనివి," అంది. "ఏమప్పా గురప్పా, నీ కూలిలో ఎంత కోసుకుంటావు?"

కొట్టమంతా నవ్వింది. గురప్ప తువ్వాలు చూసుకున్నాడు, బొటనవేలు చూసుకున్నాడు. మేరాజ్ బీ రెండు కుప్పలనూ మార్చి మార్చి చూసింది. అప్పుడామెకు తట్టింది.

"అన్నా, వీళ్లకు ఇది రెండోసారి. ముందర ఏమొస్తాదో తెలుసు, చేతులు నెమ్మదిగా పోయినాయి. నీకు మొదటిసారి. శుక్రవారం వచ్చే పెట్టెలో అన్నీ కొత్తవే. ఒక్కటీ విన్నది ఉండదు."

గురప్ప ఒక బద్దను వేళ్ల మధ్య తిప్పాడు. "అంటే ఇత్తనాల కాలంలో పాతవి చదివితే గింజ నిలుస్తాది."

"నిలుస్తాది."

"కొత్తవి చెట్ల నుంచి కాయ తెంపేటప్పుడు చదువుకోండి. తెంపితే పగిలేదేముండాది." చెయ్యి చాచాడు. "కాగితమియ్యి."

మూడు పేర్లూ రాసి ఇచ్చింది. ఓడ పుస్తకం పేరు మొదట. ఆయన కలం పట్టుకుని ఆగాడు.

"ఆ ముసిలామె నీళ్లు ఎవరికిచ్చింది?"

పదకొండుమంది నోళ్లు మూతపడ్డాయి.

"రేపు చదువుతాన్నా," అంది మేరాజ్ బీ. "పుస్తకం ఊర్లోనే ఉంటే."

గురప్ప సంతకం చేశాడు.

పొద్దు వాలింది. కొలతకు ముందు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మేరాజ్ బీ గంపలో పిడికెడు గింజలు వేసి పోయారు. చివర గురప్ప మిగిలాడు. కట్టుబాటు ఆయనకు తెలుసు. తువ్వాలు ముందు గొంతుక్కూర్చుని బద్దల మధ్య నిండు గింజల కోసం వెతకసాగాడు. పిడికిలి నిండేదాకా పెద్దక్క ఆయన పక్కనే నిలబడింది, బద్ద కలిపితే పట్టుకుందామని.