పువ్వు దొరకని తీగ

మా ఆయనకు ఒక్కతే అక్క. ఆఫీసులో ఆవిడను ఎదురుగా "మేడమ్" అని, వెనకాల "చిక్కుడమ్మ" అని పిలిచేవాళ్లు. రెండూ ఆవిడకు తెలుసు. రెండోదే బాగుందని నాతో అంది.

వదిన పనిచేసేది ఎండుమొక్కల భద్రశాలలో. గ్రంథాలయం లాంటిదే గాని, బీరువాల్లో పుస్తకాలుండవు. కాగితాల మధ్య పెట్టి నొక్కి, ఎండబెట్టి, అట్టకు దారంతో కుట్టి, మూలన పేరు రాసిపెట్టిన మొక్కలుంటాయి. మొదటిసారి చూసినప్పుడు, ఇంత మర్యాదగా పడుకున్న శవాలను నేనెక్కడా చూడలేదన్నాను. వదిన నవ్వలేదు. "మర్యాద మనం నేర్పిందే. బతికున్నప్పుడు ఒక్కటీ చెప్పిన మాట వినదు," అంది.

ఆవిడ వాటాకు వచ్చినవి చిక్కుడు కుటుంబంలో పాకే తీగలు. చిక్కుడు, గురివింద, శంఖపుష్పం, తగిలితే ఒళ్లంతా గోక్కోవాల్సిన దూలగొండి, అన్నిటి చుట్టరికాలూ ఆవిడకు నోటికి వచ్చు. సొంత చుట్టాలు ఇంటికొస్తే మాత్రం ఎవరు ఎవరికి ఏమవుతారో నన్ను గిల్లి అడిగేది.

ఒక వేసవిలో మా హాల్లో పేపరు పరిచి ఏవో అడవి కాయలు ఎండబెట్టింది. ఆ జాతి కాయ ఎండితే ఊరికే విచ్చుకోదు. రెండు చెక్కలూ చెరోవైపు మెలి తిరిగి, టప్పున పగిలి, గింజల్ని విసిరికొడుతుంది. ఒక గింజ ఎగిరివచ్చి మా ఆయన కళ్లద్దానికి తగిలింది. అద్దం చిట్లింది. అద్దాలు లేకపోతే నా కన్ను ఏమయ్యేదక్కా అని ఆయన గోల పెడితే, వదిన తల ఎత్తకుండానే, "మొలిచేది," అంది. ఆ రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే లేచి ఇంకో పని చూసుకుంటాను.

చివరికి జబ్బు వచ్చింది వదిన కళ్లకే. చూపు సరిగ్గా మధ్యలో ఒక మచ్చ. మనిషిని చూస్తే చెవులు కనిపిస్తాయట, ముక్కు ఉండాల్సిన చోట మసక. ఆ మచ్చ పెరుగుతుందని, అంచులు మిగిలినా మధ్య మిగలదని కళ్ల డాక్టరు చెప్పింది. ఇంకా చాలా జాగ్రత్తలు చెప్పింది గాని వదిన వాటిని చెవిన పెట్టలేదు. భూతద్దంలోంచి చూడగలిగేది ఎప్పటివరకు, అని మాత్రం అడిగింది. వానలు పడేదాకా అనుకోండి, అంది డాక్టరు.

ఒంటరిగా ఉండే మనిషి కదా, ఉద్యోగం మానిపించి మా ఇంటికి తీసుకొచ్చేశాం. ఒక పెట్టె, భూతద్దం, మొక్కలు నొక్కే చెక్క చట్రం తెచ్చుకుంది. జేబురుమాలు ముడిలో ఒక నల్లటి గింజ కూడా తెచ్చుకుంది.

ఆ గింజ ఒక పాత అట్ట మీది ఎండుతీగది. వాళ్ల వృత్తిలో ఒక మర్యాద ఉంది. అట్ట మీద రాసిన పేరు తప్పని తర్వాతి పండితుడికి అనిపిస్తే, పాత పేరు కొట్టేయడు. దాని పక్కన తన చీటీ అంటించి, కొత్త పేరు రాసి సంతకం పెడతాడు. మామూలుగా ఒక అట్టకు ఒకటో రెండో చీటీలుంటాయి. ఈ తీగకు సినిమాహాలు గోడకు పోస్టర్లు అంటించినట్టు అంటించారు. అందరూ పెద్దవాళ్లే, ఒకరి పేరు ఇంకొకరి పేరుతో కలవదు. కారణం ఏమిటంటే ఆ తీగకు ఆకులున్నాయి, కాయ ఉంది, పువ్వు లేదు. చిక్కుడు కుటుంబంలో తీగలన్నీ పైకి తోబుట్టువుల్లా ఉంటాయి. ఎవరు ఏ ఇంటివాళ్లో తేల్చాలంటే పువ్వు విప్పాలి. వెనక నిలబడే పెద్ద రేకు ధ్వజం, అటూ ఇటూ రెక్కలు, ముందు పడవలా అతుక్కున్న ద్రోణి, ద్రోణి లోపల సన్నటి కాడలాంటి కీలం. ఆ కీలం మీద నూగు ఉందా లేదా అన్నదాని మీద జాతులే మారిపోతాయి.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వదిన ఆ అట్టను తీస్తూ పెడుతూనే ఉంది. ఒక్క చీటీ కూడా అంటించలేదు.

"దొంగిలించావా అక్కా?" అన్నాడు మా ఆయన గింజను చూసి.

"కాయలోంచి రాలింది. రాలినదాన్ని ఊడ్చెయ్యాలి, లేకపోతే ఏరుకోవాలి. ఊడ్చే అలవాటు నాకు లేదని మీ ఆవిడను అడుగు."

అది నిజం.

గింజ పెంకు రాయిలా ఉంది. నా గోళ్ల ఆకురాయితో ఒక పక్క అరగదీసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బాల్కనీ తొట్టిలో పెట్టాం. అంత పాత గింజ మొలుస్తుందని నేను నమ్మలేదు. మొలిచింది. పైకి తాడు కడితే, తాడు పట్టుకుంది.

తెలియని మొక్కను గుర్తుపట్టడానికి వాళ్ల దగ్గర "కీ" అని ఒకటుంటుంది. అన్నీ జంట ప్రశ్నలు. ఆకుకు మూడు చిన్నాకులా, అంతకంటే ఎక్కువా? మూడైతే ఇటు రా, ఎక్కువైతే అటు పో. కాండం మీద నూగు ఉందా, లేదా? అలా పోగా పోగా చివర పేరు ఉంటుంది. ఒకరు పైకి చదవాలి, ఒకరు భూతద్దం పెట్టి చూసి జవాబు చెప్పాలి. ఆఫీసులో ఎండిన మొక్కల ముందు అలా గొంతెత్తి చదవడం వాళ్లకు అలవాటు. అదే అలవాటుగా వదిన మా బాల్కనీలో, బతికున్న తీగ ముందు పేము కుర్చీ వేసుకుని గొంతెత్తి అడిగేది. కీ అంతా ఆవిడకు కంఠతా వచ్చు. చూసేపని నాది. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. పెళ్లయ్యాక అది కూరగాయలు తరగడానికి ఉపయోగపడింది, మళ్లీ ఇప్పుడు.

"తాడును ఎటు చుట్టుకుంటోంది?" అంది మొదటిరోజు.

కుడిచేతి గుప్పిట పట్టి బొటనవేలు పైకెత్తితే, మిగతా వేళ్లు ఎటు తిరుగుతాయో అటు, అన్నాను.

"అయితే అందరిలాంటిదే. ఎడమకు తిరిగే రకం అయ్యుంటే ఎంత బాగుండేది. ఈ కుటుంబంలో అరుదు."

మర్నాడు నీళ్లు పోయడానికి వెళ్తే తీగ ఎడమకు చుట్టుకుని ఉంది. కొత్తగా పెరిగిన కొస ఒక్కటే అయితే సరే అనుకుందును. మొదలు నుంచీ ఎడమకే. ఒకసారి చుట్టుకున్న తీగ విప్పుకుని మళ్లీ చుట్టుకోదు, అంత తీరిక దానికుండదు. వదినకు చెబితే, నిన్న నువ్వు సరిగ్గా చూసి ఉండవు, అంది. నా కళ్ల మీద ఈగ వాలనివ్వను నేను. అయినా ఊరుకున్నాను.

తర్వాత నూగు విషయం. ఆకు కింద నున్నగా ఉందన్నాను. నూగు ఉంటే ఒక చిక్కు విడిపోయేదని ఆవిడ నిట్టూర్చింది. మర్నాటికి ఆకు కింద పిల్లి చెవిలా మెత్తటి నూగు వచ్చింది. ముందురోజు కోసిన ఆకు చట్రంలో నున్నగానే ఉంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అనుమానం వస్తే నిద్రపట్టదు, నిద్రపట్టకపోతే నాకు కొంటెతనం వస్తుంది. తీగకు నీళ్లు పోస్తూ, ఎవరూ వినకుండా, "ఆకు అంచు రంపంలా ఉంటే చూడముచ్చటగా ఉండును," అన్నాను. చిక్కుడు తీగలకు అలాంటి అంచు నేనెక్కడా చూడలేదు.

తెల్లవారి కాఫీ కప్పుతో వెళ్లి చూశాను. కప్పు కింద పెట్టి మరీ చూశాను. అన్ని ఆకులకూ పళ్లొచ్చాయి.

వదినను తీసుకొచ్చి ఆకు చేతికిచ్చాను. వేలితో అంచంతా తడిమింది. నేనేం అన్నానో చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆకును తిప్పి మళ్లీ తడిమింది.

"అయితే ఆ చీటీలు రాసినవాళ్లు ఎవరూ తప్పు రాయలేదు," అంది చివరికి. "ఒక్కొక్కరూ తాము చూసిందే రాశారు. దాని ముందు కూర్చుని, గొంతెత్తి చదివి, ఎవరికి కావాల్సింది వాళ్లు చూశారు."

"వాళ్లు చూసింది ఎండినదాన్ని కదా వదినా."

"ఎండిందని వాళ్లు అనుకున్నారు."

కత్తెర తెస్తానన్నాను. ఆవిడ నా కొంగు పట్టుకుంది. చిన్నపిల్లలు పట్టుకున్నట్టు పట్టుకుంది, ఆ వయసులో.

"పువ్వు ఒక్కటి చూడనీ. ఇంతకాలం ఆకులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. వానలు పడితే ఇక నాకు మధ్య ఉండదు. ఆ పువ్వు నా కళ్లతో చూస్తే చాలు, తర్వాత నువ్వే పీకెయ్."

కాదనలేకపోయాను. ఒక్క షరతు పెట్టాను. పువ్వు ఎలా ఉండాలో మాత్రం దానికి చెప్పొద్దు, దాని పువ్వు అదే పుయ్యాలి అన్నాను. సరేనంది.

మబ్బులు పట్టడం మొదలైంది. తీగ బాల్కనీ కప్పు దాకా పాకింది, మొగ్గ మాత్రం తొడగలేదు. వదిన మచ్చ పెరుగుతోంది. మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచి పక్కన గాలిని పట్టుకునేది. రోజూ మధ్యాహ్నం ఏమైనా వచ్చిందా అని అడిగేది. లేదనేదాన్ని. అలా లేదు లేదు అంటుంటే నాకే పాపం అనిపించేది. మా ఆయనైతే, పూసిందని చెప్పెయ్యరాదూ, అక్కకు కనిపిస్తుందా ఏమన్నా, అన్నాడు. ఆయన సలహాలు ఎప్పుడూ అంతే, ఖర్చులేనివి.

మొదటి వాన పడబోయే రోజు, మధ్యాహ్నం, బట్టలు తియ్యడానికి బాల్కనీ తలుపు దాకా వచ్చి ఆగాను. వదిన కుర్చీ తీగకు దగ్గరగా లాక్కుని, కొసను చెంపకు ఆనించుకుని, గుసగుసగా చెబుతోంది. ధ్వజం లేత ఊదా, మధ్యలో తెల్లటి చుక్క. రెక్కలు ద్రోణిని దాచాలి. ద్రోణి కొస ఒక్క చుట్టు మెలి తిరగాలి. కీలం లోపలి వైపే నూగు. పెళ్లికూతురికి నగలు చెప్పి చేయించినట్టు చెబుతోంది. చెప్పినవన్నీ చెప్పి, చివర చాలా చిన్నగా అంది. "నాకు కనిపించే చోట పుయ్యి తల్లీ. ఎక్కడైనా సరే."

"వదినా" అన్నాను. ఆలస్యమైంది. తీగ కొస తాడును వదిలేసి ఆవిడ మణికట్టు చుట్టూ తిరుగుతోంది. గాలికి కదిలినట్టు కాదు. వెతుక్కుంటున్నట్టు, కాస్త ఆగి, ఇటా అటా అని చూసుకుని మళ్లీ కదులుతోంది. మేం దానికి కీ చదివినట్టు, అది ఆవిడను చదువుతోంది. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? విదిలిస్తుందా, ఊరుకుంటుందా? ఊరుకుంటే ఇటు రా. నేను వెళ్లి దాన్ని లాగేశాను. వేలంత కొస నా చేతిలో ఉండిపోయింది. నన్ను చుట్టుకోలేదు. నేను ఆధారానికి పనికిరానని మా అత్తగారు ఏనాడో అన్నారు. మొదటిసారి ఆ మాట నిజమైనందుకు సంతోషించాను.

అప్పుడే వాన మొదలైంది.

"పూసింది," అంది వదిన.

తీగ మొదలు నుంచి కప్పు దాకా చూశాను. ఆకు ఆకూ ఎత్తి చూశాను. ఒక్క మొగ్గ లేదు.

"ఎక్కడ వదినా?"

ఆవిడ నా వైపు తిరిగింది. చాలాకాలం తర్వాత తిన్నగా నా ముక్కు కేసి చూస్తోంది. "మధ్యలో," అంది. "మచ్చ ఉండే చోట. నువ్వు చుట్టూ మసగ్గా ఉన్నావు. అది స్పష్టంగా ఉంది." వంటింటి వైపు తల తిప్పింది. "ఇక్కడా ఉంది." కళ్లు మూసుకుంది. మూసుకుని నవ్వింది. ఆవిడ ముఖంలో అంత సుఖం నేనెప్పుడూ చూడలేదు, అందుకే కేకపెట్టలేదు.

ఆ సాయంత్రమే కళ్లు మూసుకుని చెప్పింది, నేను రాశాను. కీ మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా ఎక్కడా తడబడలేదు. చివర పాత పేర్లు ఏవీ సరిపోలేదు. కొత్త పేరు పెట్టింది. చీటీ మీద నా చేతిరాత, ఆవిడ సంతకం. మేమిద్దరం వెళ్లి అట్ట మీద అంటించి వచ్చాం. కొత్తగా వచ్చిన డైరెక్టరు మర్యాదస్తుడు. నమూనాకు పువ్వు ఏదండీ మేడమ్, అని అడిగాడు. వదిన తన కళ్ల వైపు వేలు చూపించింది. ఆయన పదవీ విరమణ హాస్యం అనుకుని నవ్వి, టీ తెప్పించాడు.

బాల్కనీలో తీగ వాన రాత్రే ఎండిపోయింది. వానకు ఎండటం ఏమిటని మా ఆయన అడిగాడు. ఆకులన్నీ చట్రంలోంచి తీసినట్టు బల్లపరుపుగా అయిపోయాయి. పీకి, తొట్టిని కడిగి బోర్లించాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మొన్న గదిలో బట్టలు మడతపెడుతుంటే వదిన పలకరించింది.

"రేకులు రాలిపోయాయమ్మాయ్."

హమ్మయ్య అనుకున్నాను. పోనీలెండి వదినా, చూడాల్సింది చూశారు కదా, అన్నాను.

"చూశాను. ఇప్పుడు పిందె వేసింది. చక్కగా పెరుగుతోంది. పచ్చగా, వంపు తిరిగి." ఏదో కొలుస్తున్నట్టు తల వంచి చూసుకుంది. "పక్వానికి వస్తే రంగు మారుతుంది. అది కూడా చూస్తాను."

మడతపెడుతున్న దుప్పటి నా చేతిలోనే ఉండిపోయింది. "ఆ తర్వాత వదినా?"

"ఆ తర్వాత ఏముంది. ఎండుతుంది," అంది, ఎంతో తృప్తిగా.

కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దీపం వేసి చాలాసేపు చూసింది. అనుకున్నట్టే ఉంది, కొత్తగా ఏమీ లేదు, అంది. చూస్తున్నంతసేపూ ఆవిడ ముఖం వదిన ముఖానికి ఎంత దగ్గరగా ఉందో నేను చూశాను. ఏమని చెప్పను?

ఇంట్లో రోజులు మామూలుగానే నడుస్తున్నాయి. వదిన ఉల్లాసంగా ఉంది, అన్నం సరిగ్గా తింటోంది. నిన్న, కాయ గోధుమరంగుకు తిరిగిందని చెప్పింది. నేను భోజనాల బల్ల దగ్గర కుర్చీలు సర్దాను. ఆవిడకు ఎదురుగా ఎవరూ కూర్చోకుండా, అందరూ పక్కకు వచ్చేలా. మా ఆయనకు ఇప్పుడున్న కళ్లద్దాలు బాగానే ఉన్నా, ఇంకాస్త మందంవి చేయించాను. ఎందుకని అడిగాడు. నీకు బాగుంటాయన్నాను. పాపం, నమ్మి అద్దంలో చూసుకున్నాడు.