చౌడేశ్వరమ్మ మోకాళ్లు

పామర్రు బస్టాండు పక్కన ఉమామహేశ్‌ది టూర్ల ఆఫీసు. కాశీకీ షిరిడీకీ జనాన్ని తిప్పి తిప్పి విసుగొచ్చి, ఈసారి కొచ్చి నుంచి ఓడ ప్రయాణం అన్నాడు. సముద్రం మీద మూడు రోజులనేసరికి ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు తన తల్లి చౌడేశ్వరమ్మ కూడా వస్తుందని చెప్పాడు. కన్నతల్లినే ఎక్కిస్తున్నాడంటే ఇంక భయమేముందని బస్సు నిండా జనం కుదిరారు.

అంతలో కరోనా వచ్చిపడింది. జపాన్ రేవులో ఒక ఓడను ఆపేశారనీ, లోపలివాళ్లను గదులు దాటనివ్వడం లేదనీ టీవీలో చూసినప్పటి నుంచీ ఉమామహేశ్‌కు అన్నం సయించడం లేదు. తల్లికి ఉబ్బసం. కళ్లు మూసుకుంటే చాలు, ఆమె అలాంటి గదిలో ఊపిరాడక తలుపు బాదుతున్నట్టే ఉంటోంది. పోనీ మానేద్దామంటే ఓడవాళ్లకు కట్టింది తిరిగి రాదు, ఊళ్లో తలెత్తుకోలేడు. కక్కలేక మింగలేక నలిగిపోయాడు.

బయలుదేరే ఉదయం ఒక ఉపాయం తోచింది. తోచకపోయినా బాగుండేది.

"అమ్మా, నువ్వు రావద్దు. మోకాళ్ల నొప్పులని చెప్పు."

"నా మోకాళ్లకేం రా? నిన్ననేగా గుడిలో ప్రదక్షిణాలు చేసొచ్చా."

"నేను చెప్పమన్నట్టు చెప్పవే, నీకు దణ్ణం పెడతాను."

చౌడేశ్వరమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. అందరినీ సాగనంపడానికని అతని వెంట బస్సు దాకా వచ్చింది.

బెజవాడ రైల్వే స్టేషనుకు వెళ్లే బస్సులో ముందు సీటు పక్కింటి బుల్లెమ్మది. ఒళ్లో ఇన్సులిన్ సంచీ, ముఖం నిండా సంబరం.

"ఇదేంటొదినా, నువ్వెక్కవేం? నువ్వుంటావన్న ధైర్యంతోనేగా మావాడు నన్ను పంపేది!"

"మోకాళ్లు, ఒదినా," అంది చౌడేశ్వరమ్మ.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. హమ్మయ్య అనుకోబోయాడు ఉమామహేశ్. తల్లి అతని వైపు తిరిగింది.

"ఒరే, నా మోకాళ్లు ఎందుకు నొప్పెట్టాయో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

బస్సులో అందరూ అతన్నే చూస్తున్నారు. భయంతో పాటు సిగ్గు కూడా ముంచుకొచ్చింది.

"దిగండి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. "అందరూ దిగండి! ఎవరూ వెళ్లొద్దు. నాకు భయంగా ఉంది."

బస్సు గోలగోలైంది. ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావని ఒకరు, మా డబ్బు సంగతేంటని ఒకరు తిట్టుకుంటూ దిగారు. ఆఖరున బుల్లెమ్మ మిగిలింది. మెట్లు ఎత్తు కావడంతో ఉమామహేశ్ చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే దిగి, మెల్లగా అడిగింది.

"అబ్బాయ్, మీ అమ్మ నోరు విప్పకపోతే నన్ను పంపించేసేవాడివేనా?"

ఉమామహేశ్ ఆమె సంచీ అందుకోబోయాడు. బుల్లెమ్మ అతని చెయ్యి వదిలేసి, సంచీ తానే మోసుకుంటూ వెళ్లిపోయింది.